అమ్మ పోయిన మర్నాడు చూసిన చర్చి

మొన్న శుక్రవారం దోహాలో మా తెలుగువాళ్ళ ఆరాధనకు కొత్త కీబోర్డు తెచ్చారు. వాయించే అబ్బాయి ఏదో మీట నొక్కగానే హాలంతా ఆర్గాన్ నాదంతో నిండిపోయింది. అందరూ మురిసిపోతుంటే నేను మాత్రం పాట మధ్యలోనే లేచి బయటికి వచ్చేశాను. ఆ నాదాన్ని అంతకుముందు ఒక్కసారే విన్నాను, అదీ నా బతుకులోకెల్లా చెడ్డ రోజున.

అప్పట్లో దోహాలోనే అల్ ముంతజా అనే పేటలో ఒక అరబ్బుల ఇంట్లో ముసలమ్మగారిని చూసుకునేదాన్ని. ఎండాకాలం దోహా ఉడికిపోతుంటే ఆ కుటుంబం ఆస్ట్రియా కొండల్లోకి వెళ్ళేది, ఆవిడ చక్రాల కుర్చీ తోయడానికి నన్నూ వెంటబెట్టుకునేది. పరాయిదేశం ఏదైనా దుబాయే అనే మా ఊళ్ళో ఆస్ట్రియానీ దుబాయే అనుకునేవారు. అక్కడుండగానే తమ్ముడు ఫోన్ చేశాడు.

“అమ్మ పోయిందక్కా. నువ్వొచ్చేదాకా ఉంచమంటావా?”

నా పాస్‌పోర్టు ముసలమ్మగారి కొడుకు, మా సార్ దగ్గరుంది. ఆయన చెడ్డవాడేం కాదు, కానీ సెలవులయ్యాకే పంపుతానన్నాడు.

“ఉంచొద్దురా, కానిచ్చెయ్యండి” అన్నాను. ఆ మాట నా నోటితోనే అనవలసి వచ్చింది.

మర్నాడు అందరూ ఊరు చూడటానికి బయల్దేరారు. డ్యూటీ డ్యూటీయే కనుక నేనూ కుర్చీ తోసుకుంటూ వెళ్ళాను. ఊరి నడిబొడ్డున ఒక పాత చర్చి ఉంది. మూడొందల ఏళ్ళ కిందటి బరోక్ కాలం నాటిదనీ, పేరుమోసిన సంగీత విద్వాంసులు అందులో వాయించారనీ ఇంటి పెద్దమ్మాయి పుస్తకంలో చదివి చెప్పింది. లోపలినుంచి ఆర్గాన్ వినబడుతోంది. గుమ్మం ముందు నా కాళ్ళు ఆగిపోవడం చూసి ముసలమ్మగారు, పనివాళ్ళ దగ్గర నేర్చుకున్న హిందీకి తన అరబ్బీ కలిపి “యల్లా, అందర్ చలో” అన్నారు, పద లోపలికి అని. చర్చిలోకి వెళ్ళడం నచ్చక మేడమ్ మొహం చిట్లించింది గానీ అత్తగారికి ఎదురు చెప్పలేదు.

లోపల మెలికలు తిరిగిన స్తంభాలు, బంగారు రెక్కల దేవదూతలు, కప్పునిండా మబ్బుల బొమ్మలు. మా ఊరి రేకుల ప్రార్థనా మందిరం తప్ప ఎరగని నాకు, అంత వైభవం మధ్య అమ్మ పేరు ఎలా తలుచుకోవాలో తోచలేదు. పైన కనబడని మనిషెవరో సాధన చేసుకుంటూ, తప్పినచోట ఆగి మళ్ళీ మొదలుపెడుతున్నాడు. ఆర్గాన్ గొట్టాల్లోంచి వచ్చే నాదం నేను కూర్చున్న బల్లలోంచి నా ఎముకల్లోకి పాకేసరికి, అప్పటిదాకా రాని ఏడుపు వచ్చింది. ఆ వేళకే మా ఊళ్ళో అమ్మమీద మట్టి వేస్తున్నారు. ముసలమ్మగారు నావైపు చూడలేదు. ఒక చేత్తో జపమాల తిప్పుకుంటూ, రెండో చేత్తో నా చెయ్యి పట్టుకుని, మేడమ్ రెండుసార్లు పిలిచినా కదలకుండా కూర్చున్నారు.

ఆవిడా పోయి చాలాకాలమైంది. ఇప్పుడు సమాధి కార్యక్రమమంతా ఫోన్‌లోనే చూడొచ్చు. మా గదిలో ఉండే రాయలసీమ పిల్ల ఈమధ్య తండ్రిని పూడ్చడం యజమాని వంటింట్లో నిలబడి చూసి, మొహం కడుక్కుని మళ్ళీ పనిలో పడిందట. దూరం తగ్గిందని అందరూ అంటారు. తగ్గే ఉంటుంది. కానీ ఆ పిల్లకు కూర్చుని ఏడవడానికి ఒక చోటూ, పక్కన ఒక మనిషీ దొరకలేదు.