తడి గోనెలో కాఫీ మొక్క

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, రాయదుర్గం బస్సులో నా పక్కన కూర్చున్నామె ఒళ్లో తడి గోనెగుడ్డ చుట్టిన మొక్క ఉంది. నా ఒళ్లో బెంగళూరులో కొన్న కాఫీపొడి. అంతా ఒకే తోట గింజలట. తోట పేరు, కొండ ఎత్తు కూడా అచ్చేశారు. తాగడం తప్ప కాఫీ గురించి ఏమీ తెలియని నేను ఆ పొట్లాన్నే పాఠంలా చదువుకుంటున్నాను.

"ఇదీ కాఫీచెట్టే అన్నా," అందామె. చిక్కమగళూరు కొండల్లో కాఫీపళ్ల కోతకు కూలికి పోయి వస్తోంది. "మా మాదిరి రెండెకరాల రైతు ఇచ్చినాడు. ఆయన తోట పేరూ ఇట్లే పొట్లం మీద ఏసినారు. మా చేన్లో నాటుతా."

"నీళ్లున్నాయా?"

"యాడివన్నా? బోరు ఎండిపాయ. మా ఇంటాయన చేను అమ్మేస్తానంటాండాడు."

తాగబోయిన సీసాను దించి, ఆ నీళ్లు మొక్కకు పోసింది. నా సీసా ఇస్తే అవీ మొక్కకే పోసింది.

నిజం చెప్పే ధైర్యం లేక, "బతుకుతుందిలేమ్మా" అన్నాను.

ఆమె నవ్వింది. "బతకదని నాకూ తెలుసన్నా. ఇది వాడిపోయేదాకా చేను అమ్మనని ఆయనతో ఒట్టేయించుకుంటా. అంతలో ఒక్క వాన పడితే చాలు."

తన ఊరి దగ్గర దిగి, కొంగు మొక్కకు కప్పి, ఎండలో నడిచిపోయింది.

ఆ ఏడు మా రాయదుర్గం వైపు వాన పడలేదు.