న్యా ఫిర్మీనా నీలం తలుపు

మా పొర్తెలాలో గోడ కట్టడం ఏమంత పని కాదు. నిప్పుకొండ కక్కిన నల్లరాయి ఊరి చుట్టూ కావలసినంత పడి ఉంది, ఏరుకున్నవాడికి ఏరుకున్నంత. చిక్కల్లా తలుపుతోనే. ఫోగో దీవిలో, అందులోనూ కొండ నోట్లో కూర్చున్న మా ఊళ్ళో, పలక తీయదగ్గ మాను ఒక్కటీ లేదు. చెక్క ఓడ మీద రావాలి, రేవు నుంచి పైకి మోసుకురావాలి. అందుకే కొండ కదిలిందంటే మావాళ్ళు ముందు పిల్లల్ని కిందికి పంపుతారు, ఆ వెంటనే తలుపులూ కిటికీలూ ఊడదీస్తారు. మంచాలూ గిన్నెలూ ఆ తర్వాతే. తలుపు దక్కితే ఇల్లు దక్కినట్టేనని మాలో ఒక మాట.

ఊరి మొత్తానికి మంచి తలుపు న్యా ఫిర్మీనాది. పెద్దావిడ ఎవరినైనా మేము న్యా అనే పిలుస్తాం, పెద్దాయననైతే న్యో. నాకు బాప్తిస్మం ఇచ్చిన రోజు గుడిలో నన్ను ఎత్తుకుని నిలబడ్డది ఆవిడే కాబట్టి నేను మాత్రం మద్రీనా అంటాను. మద్రీనా అంటే కన్నతల్లి తర్వాత తల్లి. నా ఎనిమిదో ఏట మా అమ్మ పోయాక, ఆ ‘తర్వాత’ అన్న మాట కూడా అక్కర్లేకపోయింది. ఆవిడ వండిన మొక్కజొన్న కచూపా తినే ఇంతవాణ్ణయ్యాను.

ఆవిడకి ఏడేళ్ళప్పుడు కొండ పేలింది. కోడిపెట్టను చంకన పెట్టుకుని కిందికి దిగింది. యాభై దాటాక మళ్ళీ పేలింది. అప్పుడు ఇల్లూ, ద్రాక్షతోటలో సగమూ పోయాయి. సర్కారు ఆఫీసువాళ్ళు కింద ఎండిపోయిన గడ్డ మీద వరసగా ఇళ్ళు కట్టించి ఇచ్చారు. ఆ ఇంట్లో మేకకి కూడా తోచడం లేదని చెప్పి, నాలుగు నెలలకే మొగుణ్ణి వెంటబెట్టుకుని పైకి వచ్చేసింది. మళ్ళీ పేలితే ఏం చేస్తావని ఎవరైనా అడిగితే ఒకటే జవాబు.

“కొండ నాకు అత్తగారిలాంటిది. కోపమొస్తే గిన్నెలు విసిరేస్తుంది. అలాగని ఇల్లొదిలి పోతామా? కూడు పెట్టేదీ ఆవిడే కదా.”

ఆ మొగుడు గౌదెన్సియోకి మాటలు తక్కువ. తిరిగి వచ్చిన ఏడు ఆయన సముద్రం ఒడ్డుకి దిగి, పగిలిపోయిన పడవ పలకలు ఏరి, గాడిద లేక రెండు రోజులు వీపున మోసుకొచ్చాడు. వాటితో రెండు రెక్కల తలుపు చేశాడు, పైది ఒకటి, కిందిది ఒకటి. రేవులో ఎవరో పడవకి పూయగా మిగిలిన నీలం రంగు పూశాడు. కింది రెక్కలో కోళ్ళు దూరడానికని కంత ఒకటి కోశాడు గానీ అది కోడి పట్టనంత చిన్నది. ఆ కంత గురించి ఆవిడ మొగుణ్ణి జన్మంతా ఏడిపించింది. “ఈయన చీమల కోసం తలుపు చేశాడమ్మా” అని వచ్చేపోయేవాళ్ళకి చూపించేది. ఒక కోతల కాలంలో ఆయన తోటలో బుట్ట దించి కూర్చున్నవాడు మరి లేవలేదు. ఆ తర్వాత ఆవిడ కంత మాట ఎత్తలేదు. రోజూ దాని ముందు ఊడ్చేది, అంతే.

పిల్లల్లేరు. పొద్దున తోటలో బూడిద గుంటలు తవ్వి తీగలు పాతడం, మేకపాలతో జున్ను చేయడం, పొద్దు వాలేసరికి పై రెక్క తెరిచి కింది రెక్క మీద మోచేతులు ఆనించి దారిన పోయేవాళ్ళని పలకరించడం, ఇదీ ఆవిడ రోజు. నేను కొత్త చొక్కా వేసుకుని వెళ్తే, అది నాదా, గాడిదదా అని అడిగేది. నాకు ఒళ్ళు మండేది. అయినా ఆ వీధినే వెళ్ళేవాణ్ణి.

నేను కొండ చూడ్డానికి వచ్చే పరదేశీయులకి దారి చూపించేవాణ్ణి. ఇప్పటికీ అదే పని.

ఆ ఏడు నవంబరులో మూడోసారి పేలింది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా నిప్పు పరిగెత్తదు. ముసలి ఆవులా నడుస్తుంది. మనిషిన్నర ఎత్తు నల్లటి గోడ, కుండలు పగిలినట్టు చప్పుడు చేసుకుంటూ, అడుగు తర్వాత అడుగు వస్తుంది. ఏ గట్టు దగ్గరుంటే ఏ ఇంటికి ఎంతసేపట్లో చేరుతుందో మా చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. అందుకే మాలో మనుషులెవరూ చావలేదు. ఇళ్ళు మాత్రం ఒక్కొక్కటే పోయాయి.

రెండో వారానికి ఊరు దాదాపు ఖాళీ అయింది. పోలీసులు దారి మూసేశారు. సరిగ్గా అప్పుడే నాకు పని పెరిగింది. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. ఆ ఇంకొకణ్ణి నేనే. నిప్పు ఇళ్ళని మింగడం దగ్గరనుంచి చూస్తామని ముగ్గురు వచ్చారు, ఇద్దరు మగవాళ్ళూ ఒక కెమెరా ఆవిడా. మేకల దారిన, పోలీసుల కంటపడకుండా తీసుకెళ్ళాను. ఊరి ఆ చివర గుడి గోడ మీదికి నిప్పు ఎక్కబోతోంది, గాలి మళ్ళి పొగ కమ్మకముందే అది చూపిస్తానని మాట ఇచ్చాను.

మధ్యదారిలో మద్రీనా ఇల్లు. ఆవిడ ఎప్పుడో కిందికి వెళ్ళిపోయి ఉంటుందనుకున్నాను. వెళ్ళలేదు. కిటికీలు తనే ఊడదీసి రోడ్డువార పేర్చుకుంది. తలుపు బందులు తుప్పు పట్టి ఆవిడ చేతికి లొంగలేదు. గునపం పక్కన పెట్టుకుని గడప మీద కూర్చుని ఉంది. నిప్పు ఇంకా అవతల, మా ఊరి న్యో తూతా నీళ్ళ తొట్టి దగ్గర ఉంది. నన్నూ నా వెనక ముగ్గుర్నీ చూసి లేచి నిలబడింది.

“వచ్చావా నాయనా! మనుషుల్ని కూడా తెచ్చావూ!” అంది.

 నేను తేరుకునేలోపే లోపలికెళ్ళి, మిగిలిన వైన్ కూజా తెచ్చి నలుగురికీ పోసింది. పని చేయబోయేవాళ్ళకి ముందు గొంతు తడపడం మా మర్యాద. జున్ను కోసి చేతుల్లో పెట్టింది. ఏ బందు ముందు కొట్టాలో, కింది రెక్క ఎలా పట్టుకోవాలో వాళ్ళకి మా భాషలో చెబుతోంది. వాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇదంతా తమకోసం చేసిన ఏర్పాటే అనుకుని తాగి, తిని, ఫొటోలు తీసుకున్నారు. కెమెరా ఆవిడ నన్ను అడిగింది, ఈమె నీకు తెలుసా అని.

ఎవరో ఊళ్ళో ముసలామె అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. మా తల్లి అని చెబితే, మరి గునపం అందుకోవేం అని అడుగుతారని కాబోలు. ప్రభువుని ఎరగనని పేతురు మూడుసార్లు బొంకాడని గుడిలో చదివినప్పుడల్లా నేను నేల చూపులు చూస్తాను. నేను బొంకింది ఒక్కసారే, కానీ ఆయనకి ప్రాణభయం ఉంది, నాకు గాలి మళ్ళుతుందన్న భయం తప్ప ఏమీ లేదు. కెమెరా ఆవిడ తలుపు పక్కన నిలబడి నవ్వమంది. నవ్వాను. గుడి దాకా వెళ్ళి అరగంటలో వస్తామని మద్రీనాకి చెప్పాను. సరే నాయనా, జాగ్రత్త అంది.

వాళ్ళ తమాషా తీరి, నేను తిరిగి వచ్చేసరికి మూడు గంటలు పట్టింది. ఇంటి కప్పు కూలిపోయింది. తలుపు ఉన్నచోట నల్లగోడ. ఆవిడ కిటికీల పక్కన రాయి మీద కూర్చుని ఉంది, ఒళ్ళంతా బూడిద. నన్ను చూసి తనే లేచి నా భుజం తట్టింది. “బాధపడకురా. నువ్వు మనుషుల్ని తెచ్చావు. నిప్పు తొందరపడింది, నువ్వేం చేస్తావు” అంది. సిగ్గుతో అక్కడే చచ్చిపోతే బాగుండేది. అప్పుడే చెప్పేసినా బాగుండేది. రెండూ చేయలేదు.

కొండ చల్లబడ్డాక ఆఫీసువాళ్ళు మళ్ళీ కింద ఇళ్ళన్నారు. మద్రీనా మళ్ళీ అందరికంటే ముందు పైకొచ్చింది. గట్టిపడ్డ నిప్పు మీదే ఇళ్ళు కట్టుకున్నాం. పట్టా లేదు, కరెంటు లేదు, నేల మాత్రం ఏళ్ళ తరబడి వెచ్చగా ఉంది. ఆవిడ రొట్టె పిండిని నేల మీద పెట్టి పొంగించేది. మిగిలిన సగం తోటలో మళ్ళీ తీగలు పాతింది. పిల్లలు నల్లరాయితో బొమ్మ ఇళ్ళు చెక్కి పరదేశీయులకి అమ్ముతున్నారు. ఊరిని మింగిన నిప్పే ఇప్పుడు ఊరికి అన్నం పెడుతోంది. మీ ఊరికి భవిష్యత్తు ఉందా అని వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. మీరు వస్తున్నంతకాలం ఉంటుందని చెబుతాను, చెబుతున్నప్పుడు నాకే చిరాకు వేస్తుంది.

ఆవిడ గోడలు నేనే కట్టాను. నీళ్ళు నేనే మోశాను. తలుపు చేయిస్తానంటే వద్దంది. సరైన చెక్క దొరికినప్పుడు చూద్దాంలే అని గోనెపట్టా వేలాడదీసుకుంది. ఆ పట్టా ముందు కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరికీ నా కథ చెప్పేది. ముగ్గురు మనుషుల్ని వెంటబెట్టుకుని నా క్విరీనో నిప్పుకి ఎదురొచ్చాడు అనేది. రెండేళ్ళకొకరు చొప్పున మనుషులు పెరిగి, చివరికి ఏడుగురయ్యారు. ఊరంతా నన్ను మెచ్చుకుంటుంటే నాకు చెప్పుతో కొట్టినట్టుండేది. రేపు చెబుతాను, పండగయ్యాక చెబుతాను అనుకుంటూ తొమ్మిదేళ్ళు గడిపాను.

పోయిన కోతలకి ముందు ఆవిడ నన్ను పిలిచి, తన తర్వాత తోట నాదేనంది. మొదటి బుట్ట దీవించడానికి ఫాదర్ వచ్చినప్పుడు అందరి ముందూ చెబుతుందట. నాకోసం నిప్పుకి ఎదురొచ్చినవాడికి కాక ఇంకెవరికిస్తాను అంది. ఆ తోట ఉంటే నేను పరదేశీయుల వెనక తిరగనక్కర్లేదు. నా పిల్లలు ఊళ్ళో నిలబడతారు. తీసుకుంటే దొంగసొత్తు, కాదంటే కారణం చెప్పాలి. చెబుదామనే కోతరోజు పొద్దున్నే వెళ్ళాను. ఆవిడ వేడిరొట్టె చేతిలో పెట్టింది. తిని వచ్చేశాను.

ఆ మధ్యాహ్నం, ఫాదర్ ఇంకా చేతులు కడుక్కుంటుండగా, ఒక పరదేశీ ఆవిడ నా దగ్గరికొచ్చి నీలం తలుపు ముసలామె ఉందా అని అడిగింది. కెమెరా ఆవిడ. చంకలో అద్దం కట్టిన ఫొటో ఉంది. చచ్చిపోయిందని చెప్పేద్దామా అని ఒక్క క్షణం అనుకున్నాను. అంత నీచుణ్ణి. నేను నోరు తెరిచేలోపే ఆవిడ మద్రీనాని గుర్తుపట్టి, నేరుగా వెళ్ళి ఫొటో చేతిలో పెట్టింది.

మద్రీనా చేతులు పావడాకి తుడుచుకుని ఫొటోని వెలుగులోకి పట్టుకుంది. ఆవిడ కళ్ళు నిండిపోయాయి. అందర్నీ పిలిచింది. ఇదిగో నా తలుపు, పై రెక్క తెరిచే ఉంది చూడండి, ఇదిగో మా ఆయన కంత అంటూ అద్దం మీద వేలితో తడిమింది. చాలాసేపు చూసింది. తర్వాత ఆ వేలు పక్కకి జరిగింది.

“ఈ పళ్ళికిలిస్తున్నది నువ్వేనట్రా?”

“నేనే, మద్రీనా.”

“నిప్పు ఇంకా తూతా తొట్టి కాడుంది.”

“అవును.”

“తొట్టి కాణ్ణించి నా గడపకి ఎంతసేపు?”

చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరినడిగినా చెబుతారు. “రెండు గంటలు” అన్నాను.

“బందులు కొట్టడానికి?”

“పావుగంట.”

 అప్పుడు చెప్పాను, అంతా. వాళ్ళు సాయానికొచ్చినవాళ్ళు కాదనీ, తమాషా చూడ్డానికొస్తే కూలి తీసుకుని తెచ్చాననీ, ఆవిడ పోసిన వైన్ వాళ్ళతో కలిసి తాగాననీ, ఈమె ఎవరని అడిగితే ఏమన్నానో అదీ. తల ఎత్తలేకపోయాను. ఆవిడ ఒక్క మాటే తిరిగి అడిగింది.

“ఎవరో ముసలామె అన్నావా?”

అన్నానన్నాను.

ఫాదర్ బుట్ట ముందు నిలబడి చూస్తున్నాడు. ఆవిడ ఫొటోని గుండెకి ఆనించుకుంది. “తోట నీదే. మాటిచ్చాను, నేను మాట తప్పను” అంది. ఆ ‘నేను’ నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. “ఇన్నాళ్ళూ ఆ కథ నేను చెప్పాను. ఇంక నేను చెప్పను, నువ్వు చెప్పు. దీన్ని బయట గోడకి కొడతా. అడిగినవాళ్ళందరికీ నువ్వే చెప్పు. నేనిక్కడే కూర్చుని వింటా.”

అందుకే చెబుతున్నాను. కొండ ఎక్కేవాళ్ళు ఆ గోడ ముందు ఆగుతారు, నీలం తలుపు ఎక్కడుందని అడుగుతారు, నేను మొదలుపెడతాను. చెప్పగా చెప్పగా అలవాటైపోతుందనుకున్నాను. కాలేదు. నిన్న వచ్చిన గుంపుకి పొద్దు వాలుతోందని తొందరగా ముగించి, పదండి పదండి అన్నాను. గోనెపట్టా వెనకనుంచి ఆవిడ గొంతు వినిపించింది.

“నవ్వు సంగతి చెప్పలేదు.”

నేను ఆగి, మళ్ళీ వాళ్ళవైపు తిరిగి, నవ్వు సంగతి కూడా చెప్పాను.