సుల్తాన్ అలియాస్ మల్లి

కొలువు కొత్తలో మనిషికి ఒక రకమైన జ్వరం ఉంటుంది. ఆ రోజుల్లో నాకది బాగా ముదిరింది. డిగ్రీ అయిపోగానే, పెట్టుబడి మోసాల గురించి బస్తీల్లో అవగాహన కల్పించే ఒక చిన్న సంస్థలో చేరాను. మెడలో గుర్తింపు కార్డు వేసుకుని (అన్నం తినేటప్పుడు కూడా తీసేదాన్ని కాదు) బయల్దేరితే నగరంలోని మోసగాళ్లందరూ దుకాణాలు సర్దుకుంటున్నారని నా నమ్మకం. మొదటి సభ ఎక్కడ పెడతావని మా సార్ అడిగితే తడుముకోకుండా పాతబస్తీలోని ఉప్పుగూడ అన్నాను. అక్కడ మా మేనత్త ఉంది. ఆమె పిలిస్తే రానివాళ్లు ఆ గల్లీలో లేరు. రాకపోతే ఏమవుతుందో వాళ్లకు తెలుసు.

ఆదివారం మధ్యాహ్నానికి బస్తీ హాలు ఆడవాళ్లతో నిండిపోయింది. ముందు వరసలో అత్త, ఆమె పక్కన బస్తీ అంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఆవిడ. ఖాలా పక్క గల్లీలో మగ్గం పని చేసేది, చీరల మీద ఆమె కుట్టిన జరీ పూలు పెళ్లిళ్లలో మెరిసేవి. ఇద్దరిదీ విడదీయలేని స్నేహం. నేను గోడ మీద బొమ్మలు వేసి చూపిస్తూ రాబడి, నష్టభయం, నియంత్రణ అంటూ పుస్తకాల భాషలో దంచుకుంటూ పోయాను. కొందరు తలలూపారు. (అది కునుకని తర్వాత తెలిసింది.) చివరికి 'మీ డబ్బు రెట్టింపు' అనే దొంగ ప్రకటన ఒకటి చూపించి, ఇలాంటివి నమ్మకూడదని గంభీరంగా చెప్పి, సందేహాలుంటే అడగమన్నాను. వెనక నుంచి ఒకావిడ లేచింది. "బిడ్డా, గా డబుల్ అయ్యేదాన్ల చేరాలంటే ఆధార్ కార్డు సాలా, ఫోటో గూడ తేవాల్నా?"

మేనకోడలి పరువు కాపాడాలనుకుంది కాబోలు, అత్త అందరి వైపు తిరిగి, "గియన్ని మనకెందుకు గని, మనం మేకలల్ల పైసలు పెట్టినం గదా, ఇగ సాలు" అంది.

"మేకలేంది అత్తా?" అన్నాను.

అప్పుడు బయటపడింది సంగతి. ఆ మధ్య బస్తీలోకి ఒకాయన స్కూటర్ మీద రావడం మొదలుపెట్టాడు. తెల్లని చొక్కా, గల్లీ మలుపు తిరగకముందే వచ్చే అత్తరు వాసన, అందరినీ అమ్మా, ఆపా అని పిలిచే తియ్యని నోరు. అందరూ మేకల సార్ అనేవాళ్లు. ఊరి బయట మాకో ఫారం ఉంది, అక్కడ మీ పేరున ఒక మేకను పెంచుతాం, బక్రీద్‌కు అమ్మి మీరు పెట్టినదానికి రెట్టింపు చేతిలో పెడతాం అన్నాడు. అందరూ బయానా కింద కొంత ముందే ఇచ్చేశారు. మిగిలింది ఆ శుక్రవారం కట్టాలి. దానికోసం అత్త గాజులు కుదువపెట్టబోతోంది. ఖాలా కొత్త మగ్గం కోసం ఏళ్లుగా దాచుకున్నదంతా తీసిపెట్టుకుంది.

"మేకను చూసినవా అత్తా?"

"చూడకుంటే ఎట్ల? ఫోన్ల ఉన్నది. ఎవరికి చూపియ్యొద్దన్నడు, నజర్ తగులుతదట. నువ్వు ఇంటిదానివి గాబట్టి చూపిస్తున్న" అంటూ ఫోన్ తెరిచింది. నల్లటి మేక, నుదుట తెల్లమచ్చ, ఒక చెవి మడిచిపెట్టినట్టు ఉంది. "దీని పేరు మల్లి" అంది, కన్నబిడ్డ గురించి చెప్పినట్టు.

పక్కనుంచి తొంగిచూసిన ఖాలా కళ్లజోడు సర్దుకుంది. "ఏంది బహెన్, నా సుల్తాన్ నీ ఫోన్లకు ఎట్ల వచ్చిండు?"

"సుల్తాన్ ఎవరు? గిది నా మల్లి."

"మల్లి కాదు, గిల్లి కాదు. చెవి చూడు. నేను దినాం పొద్దుగాల సలాం చేస్తున్న వీనికి."

"ఆపా, ఇది ఆడమేక."

"మగది. మొగోని లెక్క నిలవడ్డడు చూడు."

చిన్నప్పటినుంచి ఒక్కమాట అనుకోని ఇద్దరు మేక ఆడదా మగదా అని లొల్లి పెట్టుకుంటుంటే హాలంతా లేచి చుట్టూ మూగింది. తీర్పు చెబుదామని వచ్చిన ఒకావిడ ఫోటో చూసి తెల్లబోయి తన ఫోన్ తీసింది. ఆ వెనకావిడ తీసింది. ఇంకొకావిడ తీసింది. ఎవరి ఫోన్ చూసినా అదే నల్లమేక, అదే తెల్లమచ్చ, అదే మడిచిన చెవి. అత్త చెయ్యి మెల్లగా తన గాజుల మీదికి పోయింది.

ఆ పూట మొదటిసారి నన్ను అడిగి మరీ మాట్లాడించారు. ఆధార్ కార్డావిడ ముందుకొచ్చి కూర్చుంది. నేను కూడా పుస్తకం వదిలేసి, చూడని దాని మీద పైసలు పెట్టొద్దని, ఎవరికీ చెప్పొద్దన్నప్పుడే పదిమందికి చెప్పాలని, జనం దగ్గర డిపాజిట్లు తీసుకోవడానికి అనుమతి ఉందా అని అడగాలని, మేకల సార్ తొందరపెడితే మనం నెమ్మదించాలని మామూలు మాటల్లో చెప్పాను. ఇప్పుడే పోయి వాణ్ణి పట్టుకుందాం అన్నారు కొందరు. "లొల్లి చేస్తే పారిపోతడు. శుక్రవారం రానియ్యిరి, చాయ్ పోద్దాం" అంది ఖాలా. మర్నాడే అందరం కలిసి పోలీస్ స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు ఇచ్చాం.

శుక్రవారం మేకల సార్ నవ్వుతూ వచ్చాడు. చుట్టూ ఆడవాళ్లు, చేతిలో చాయ్. వాళ్ల మధ్య మామూలు చీరలో కూర్చుని బిస్కెట్ నములుతున్నావిడ లేడీ కానిస్టేబుల్ అని అతనికి తెలియదు.

"సార్, మా మల్లికి దగ్గు తగ్గిందా?" అడిగింది అత్త. (దగ్గు సంగతి ఆమె అప్పటికప్పుడు పుట్టించింది.)

"తగ్గిందమ్మా. నిన్ననే చూసొచ్చిన."

"మా సుల్తాన్?" అంది ఖాలా.

"మస్తు బలిసిండు ఆపా. ఫికర్ చెయ్యకుండ్రి."

అందరూ ఒక్కసారి ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ఎటు తిరిగినా అదే మేక అతని వైపు చూస్తోంది. "దగ్గిందీ ఇదే, బలిసిందీ ఇదే. ఇన్ని ఫోన్లల్ల ఒక్కటే ఎట్ల మేస్తున్నది సార్?" అంది అత్త. అతను లేవబోయాడు. బిస్కెట్ తింటున్నావిడ చేతులు దులుపుకుని అతని భుజం మీద చెయ్యి వేసింది.

బయానా వెంటనే రాలేదు గానీ, తిరగగా తిరగగా అందరిదీ వచ్చింది. అత్త గాజులు చేతికే ఉన్నాయి. ఖాలా ఇంట్లో కొత్త మగ్గం దిగింది. అంతకన్నా పెద్ద సంగతి, అదే మేక పురానాపూల్‌లోనూ బార్కస్‌లోనూ ఇంకెన్నో ఫోన్లలో మేస్తోందని తేలింది. దాంతో అత్త, ఖాలా కొంగులు దోపుకుని బయల్దేరారు. ఎక్కడ సభ పెట్టినా ముందు ఇద్దరూ ఆ మేక తగాదా ఆడి చూపించేవాళ్లు, జనం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు, ఆ నవ్వులోనే తమ ఫోన్లు కూడా తీసి చూసుకునేవాళ్లు. ఇంత జనం ఏ పద్ధతిలో వస్తున్నారని మా సార్ అడిగితే, 'ప్రజా భాగస్వామ్య పద్ధతి' అని రాసి పంపాను.

బార్కస్ సభలో వెనక నిలబడి చాయ్ కప్పులు అందిస్తుంటే, గా పిల్ల ఎవరని ఎవరో అడిగారు. "మా మేనకోడలు. ఆమె చెప్తెనే మాకు తెలివొచ్చింది" అంది అత్త, కంటి రెప్ప కూడా వాల్చకుండా. నేను నిజమేననుకుని గడ్డం పైకెత్తి నిలబడ్డాను. చాలా ఏళ్లు అలాగే నిలబడ్డాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఆ గడ్డాన్ని పట్టుకుని మెల్లగా కిందికి దించాలనిపిస్తుంది, కానీ పోనీలే, ఇంకాసేపు అలాగే ఉండనీ అని కూడా అనిపిస్తుంది.