అత్త చేర్చని వ్యాసాలు

మా మేనత్త పోయిందని ఫోను వచ్చేసరికి నేను కడపలో, మా కాలేజీ కంప్యూటరు ల్యాబులో ఉన్నాను. బడికి తయారై చెప్పులు వేసుకుంటూ గడప దగ్గరే కూలిపోయిందట. బద్వేలు ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. బస్సులో దారి పొడుగునా నాకు అత్త కాదు, ఆమె పరిశోధనకు గైడుగా ఉన్న ఆయనే గుర్తొచ్చాడు. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

అత్త హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేది. యాభై దాటాక పిహెచ్‌డిలో చేరింది. మెట్ట పల్లెల్లో ఆడవాళ్లు విత్తనాలను పురుగు పట్టకుండా ఎలా దాస్తారన్నది ఆమె తీసుకున్న అంశం. ఆదివారం చర్చి అయ్యాక స్కూటీ మీద పల్లెలకు పోయేది. కొర్రల్లో బూడిద ఎంత కలపాలో, అలసందల్లో వేపాకు ఎప్పుడు వేయాలో చెప్పిన ప్రతి మనిషినీ పేరు, ఊరు అడిగి రాసుకునేది. "మీ పేరు పుస్తకంలో వస్తాది" అని మాటిచ్చేది.

మొదట్లో రెఫరెన్సులు చేత్తోనే టైపు చేసేది. రెండో అధ్యాయంలో ఒకటి చేరిస్తే కింది నంబర్లన్నీ తప్పేవి. "ఏమప్పా, ఒకదాన్ని కదిలిస్తే అన్నీ కదుల్తాండాయి" అని ఫోను చేసింది. రెఫరెన్సుల సాఫ్ట్‌వేర్ వేసి నేర్పించాను. వివరాలు ఒకసారి ఎక్కించి, రాసేచోట గుర్తు పెడితే చాలు, చివరి జాబితా అదే తయారు చేసుకుంటుంది. కామాలు, బ్రాకెట్లు కూడా అదే చూసుకుంటుంది. వాడని పుస్తకం జాబితాలోకి రాదు. అత్తకు నచ్చింది అదే.

"ఇది మంచిదప్పా. పనికి పోనోళ్లకు మస్టరులో హాజరు వెయ్యదు" అంది. "నోటితో చెప్పినోళ్లను ఎక్కించొచ్చా?"

"ఇంటర్వ్యూ అని ఒక రకం ఉంది అత్తా."

ఆ సాయంత్రమే కూర్చుని ఆ ఆడవాళ్ల పేర్లన్నీ ఎక్కించింది.

గైడు థీసిస్ చూసి, "ఈ ముసలమ్మలు రెఫరెన్సులేంటి, తీసేయండి" అన్నాడట. వాళ్ల చోట తన వ్యాసాలు పెట్టమని, నేరుగా సాఫ్ట్‌వేర్‌లోకి దిగే ఫైలు పంపాడు. తెలియనివాళ్లకు చెబుతున్నాను: తన వ్యాసాన్ని ఇతరులు ఎంతమంది రెఫరెన్సుగా చూపితే అంత పేరు, దాన్ని బట్టే ప్రమోషన్లు. ఆయన వ్యాసాలు చేపల చెరువుల మీద రాసినవి.

"చేర్చి పారెయ్యి అక్కా. చదివేదెవురు?" అన్నాడు మా నాయన.

"ఎవురో ఒకరు నమ్మి ఎతుక్కుంటా పోతారు. విత్తనాల కోసరం పోతే ఆడ చేపలు కనపడతాయి" అని అత్త నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "చదవందాన్ని చదివినానని నేను రాయను. చెప్పినోళ్లను తియ్యను" అంది.

గైడు సంతకం పెట్టలేదు. సెలవు దొరికినప్పుడల్లా అత్త కడపకు వచ్చి ఆయన గది ముందు బెంచీ మీద కూర్చునేది. ఆయన లోపల ఉండి కూడా పిలిచేవాడు కాదు. ఒకసారి టిఫిన్ డబ్బా మూత తీయకుండానే మా ఇంటికి తెచ్చి, "మీరు తినండప్పా, నాకు ఆకలి ల్యా" అంది. ఆ డబ్బా నాకు ఇప్పటికీ గుర్తుంది.

అత్త జ్ఞాపకంగా ఆమె ఇంటి దగ్గర చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూడికకు గైడు కారులో వచ్చాడు. మైకు ఇచ్చారు. "నా సొంత చెల్లెలు లాంటిది" అన్నాడు. భోజనాల దగ్గర నన్ను పక్కకు పిలిచాడు.

"థీసిస్ ఫైలు నీ దగ్గర ఉందంట కదా బాబూ. ఆ మార్పులు చేసి పంపు, సంతకం పెడతాను. పోయాకైనా డాక్టరేటు వస్తుంది. మీ కుటుంబానికి గౌరవం."

"అవి ఆమె చదవలేదు సార్."

"ఇప్పుడు ఆమెకేం తెలుస్తుంది?"

చేతిలో ప్లేటు ఉంది. దాన్ని మెల్లగా కింద పెట్టాను. "నాకు తెలుస్తాది సార్. పంపను" అన్నాను. మా నాయన పక్కనే ఉన్నాడు. నన్ను ఆపలేదు. అత్తకు ఇక డాక్టరేటు రాదు.

అందరూ వెళ్లాక, పల్లెల నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు అరుగు మీదే ఉన్నారు. అందులో పెద్దామె అడిగింది.

"ఏమప్పా, టీచరమ్మ మా పేర్లు ఎక్కిచ్చినాననింది. ఉండాయా, పీకేసినారా?"

అత్త రోజూ బడికి తీసుకుపోయే ల్యాప్‌టాప్ తెచ్చి థీసిస్ చివరి పేజీ తెరిచాను. ఆమె పేరున్న వరుస మీద వేలు పెట్టి చూపించాను.

"ఇదేనా?"

"ఇదే అవ్వా."

ఆమెకు చదవడం రాదు. కాసేపు చూసి, ఆ వరుస మీది సుద్దపొడిని కొంగుతో తుడిచింది. పక్కామె పేరు యాడుందో అడిగి, దాన్నీ తుడిచింది.