పడవ గెలవకపోతే

నూలు మిల్లు ఉన్న మా మహల్లా ఊళ్ళో మగవాళ్ళకి ఒక జబ్బుంది. మాట నమ్మించాలంటే దేవుడి మీద ఒట్టు చాలదు వాళ్ళకి, పెళ్ళాం మీద తలాక్ ఒట్టు వెయ్యాలి. "నువ్వీ టీ తాగకపోతే నా పెళ్ళానికి తలాక్" అంటాడు అతిథితో. ఎందుకొచ్చిన గొడవని ఆ అతిథి నోరు కాల్చుకునైనా తాగుతాడు. ఇంట్లో బియ్యం ఏరుకుంటున్న ఆ మహాతల్లికి తన కాపురం ఒక గ్లాసు టీ మీద నిలబడిందన్న సంగతే తెలియదు.

ఈ జబ్బు బాగా ముదిరినవాడు మా భవనం కింద ఇస్త్రీ కొట్టు షెహాతా. అతని భార్య ఇన్సాఫ్. వాళ్ళు మూడో అంతస్తు, నేను రెండో అంతస్తు. కుట్టుపని చేసుకుని బతికే విధవరాలిని, చెవులు బాగానే పనిచేస్తాయి. ఆ ఇంట్లో ఇరవై ఆరేళ్ళుగా పడిన ప్రతి ఒట్టూ నా నెత్తిమీదే పడ్డట్టు వినేదాన్ని.

మనిషి చెయ్యెత్తి కొట్టేవాడు కాదు. ఆ మాట ఒప్పుకోవాలి. కొట్టాల్సిన అవసరమే అతనికి రాలేదు. చెల్లెలి పెళ్ళికి వెళ్తానని ఇన్సాఫ్ అంటే, వెళ్ళావంటే తలాక్ అన్నాడు. ఆమె వెళ్ళలేదు. పల్లెలో తల్లికి ప్రాణం మీదికొచ్చిందని కబురొచ్చిన రోజు ఏదో కోపంలో ఉన్నాడు, ఇవాళ గడప దాటావంటే తలాక్ అన్నాడు. ఆమె చెప్పులు వేసుకుని, గడప దగ్గర నిలబడి, మళ్ళీ చెప్పులు విప్పేసింది. తల్లి ఆ మధ్యాహ్నమే పోయింది. కోపం దిగాక అతనే వచ్చి ఏడ్చాడనుకోండి, ఎవరిక్కావాలి ఆ ఏడుపు.

అతని ఒట్లు రెండుసార్లు నిజంగానే తగిలాయి. ఒకసారి కొయ్యని పుచ్చకాయ చేతిలో పట్టుకుని ఇది ఎర్రగా లేకపోతే తలాక్ అన్నాడు, కోస్తే సొరకాయలా తెల్లగా ఉంది. ఇంకోసారి బంతాట మీద. రెండుసార్లూ మసీదులో అప్పటి ముసలి షేకు తలాక్ పడిందనే తేల్చాడు. ఇన్సాఫ్ మూట కట్టుకుని అన్నల ఇంటికి వెళ్ళడం, మూడు నెలల గడువు లోపల షెహాతా వెనక్కి పిలుచుకోవడం. రెండుసార్లూ వెళ్ళి నచ్చజెప్పి తీసుకొచ్చింది ఎవరనుకున్నారు? నేనే. ఒట్లు తప్ప చెడ్డ గుణం ఒక్కటి చూపించవే అన్నాను. నా నాలుక కాల్చాలి. ఇక మిగిలింది మూడోది. అది పడిందంటే మళ్ళీ కలవడం ఉండదు. ఆమె ఇంకొకణ్ణి చేసుకుని, వాడూ వదిలేస్తే తప్ప.

ఇలా ఉండగా మా దేశానికి ఎన్నికలొచ్చాయి. అంతకుముందు మాకు జోస్యాలతో పనుండేది కాదు. అధ్యక్షుడిగా ఎవరు గెలుస్తారో కడుపులో బిడ్డకి కూడా తెలుసు. ఆ వేసవిలో మాత్రం మొదటిసారి ఎవరికీ తెలియలేదు. పదిమందికి పైగా నిలబడ్డారు, ఒక్కొక్కరికి ఒక్కో గుర్తు. తెలియకపోవడమనే ఈ కొత్త సంగతి మావాళ్ళకి కల్లు తాగినట్టు తలకెక్కింది. కాఫీ దుకాణంలో జోస్యం చెప్పనివాడు లేడు.

షెహాతా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఇస్త్రీకి వచ్చిన చొక్కాల జేబులు తడిమేవాడు. వాటిలో మడిచి మర్చిపోయిన ప్రచార కాగితాలు ఏ గుర్తువి ఎన్ని దొరికాయో చూసుకునేవాడు. మనిషి నోటితో అబద్ధమాడతాడు గానీ జేబుతో ఆడడు అనేవాడు. పడవ గుర్తాయనా, లాంతరు గుర్తాయనా చివరి పోటీకి మిగులుతారని ముందే చెప్పాడు. మొదటి విడత ఓట్లలో అచ్చం అలాగే జరిగింది. ఇక చూస్కోండి. కాఫీ దుకాణంలో బల్ల చివర కూర్చునే మనిషికి నడిమధ్య కుర్చీ వేశారు. వకీళ్ళు కూడా "మేస్త్రీ, ఏమంటావు?" అని అడగసాగారు. యాభై ఏళ్ళ జీవితంలో అతన్ని ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదలు.

పడవే అన్నాడు షెహాతా. చేపలమ్మే గాబర్ ఒప్పుకోలేదు. ఓసారి గుడ్డివాడి రాయి తగిలినంత మాత్రాన గురి కుదిరినట్టా అని అందరిముందూ ఎకసెక్కం చేశాడు. షెహాతా కుర్చీలోంచి లేచాడు.

"పడవ గెలవకపోతే నా పెళ్ళానికి తలాక్."

దుకాణం మొత్తం చల్లబడిందట. ఇప్పటికి రెండైపోయాయని ఎరగనివాడు మా వీధిలో లేడు. గాబరే భయపడి, "తప్పు మేస్త్రీ, నేనేదో నవ్వులాటకన్నాను, ఆ మాట వెనక్కి తీసుకో" అని బతిమాలాడు. షెహాతా వింటేనా. నడిమధ్య కుర్చీలో కూర్చున్నవాడు మాట వెనక్కి తీసుకుంటాడా?

ఈ సంగతి అతనికంటే ముందు గాబర్ భార్య మోసుకొచ్చింది. అప్పుడే మిల్లు నుంచి వచ్చిన ఇన్సాఫ్ జుట్టులో ఇంకా దూది పీచుంది. ఆమె మా ఊరి మిల్లులో ఇరవై ఏళ్ళుగా దారం చుట్టే పనిలో ఉంది. పైకి వెళ్ళకుండా నేరుగా నా గదిలోకొచ్చి కుట్టుమిషను పక్కన కూర్చుంది.

"అక్కా, ఈసారి పుచ్చకాయ దేశమంతుంది" అంది.

ఊరడించబోయాను. షెహాతా పోయినసారి సరిగ్గానే చెప్పాడు కదా, ఈసారీ చెప్తాడులే అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇస్త్రీకి బట్టలెవరు వేస్తారక్కా? బ్యాంకు వాళ్ళు, వకీళ్ళు, కాలేజీ మాస్టర్లు. మా మిల్లులో ఇన్ని వేలమందిమి, ఒక్కరి బట్టైనా ఆయన కొట్టుకొస్తుందా? మేం మడతపెట్టి పరుపు కింద పెట్టుకుంటాం. మా జేబులు ఆయన ఎప్పుడు చూశాడు? లాంతరే గెలుస్తుంది."

"మరి ఆ మాటేదో ఆయనకి చెప్పవే!"

ఆమె వేళ్ళతో జుట్టులో దూది ఏరుకుంటూ కూర్చుంది. నేను మొద్దుదాన్ని, భయంతో మాట రావట్లేదనుకున్నాను.

ఓటు వేసే రోజు బడి ముందు ఆడవాళ్ళ వరస ఎండలో వీధి మలుపు దాకా ఉంది. ఇన్సాఫ్‌ని చూసినవాళ్ళంతా జాలి కురిపించేవాళ్ళే. "నాకు ఏ గుర్తయితే ఏంటమ్మా, నీ కాపురం నిలబడాలని పడవకే వేస్తున్నా" అంటుంది ఒకావిడ. లాంతరుకి వెయ్యాలని వచ్చిన ఒక ముసలామె ఇన్సాఫ్ బుగ్గలు నిమిరి మనసు మార్చుకుంది. ఇన్సాఫ్ అందరికీ తలొంచి దీవెనలు చెప్తోంది. ముఖం చూస్తే చావు ఇంట్లో పరామర్శ అందుకుంటున్న మనిషిలా ఉంది.

వేలికి నీలం సిరా పూయించుకుని బయటికొచ్చాక, ఎవరూ లేనిచోట నా చెయ్యి పట్టుకుంది. లాంతరుకి వేశానక్కా అంది. మతి పోయిందా, ఎవరైనా తన కొంప తనే ముంచుకుంటారా అని తిట్టాను. నా చెయ్యి వదల్లేదు.

"మగాడు వదిలేస్తే తలరాతంటారు. నేనే కోర్టుకెళ్ళి విడిపించుకుంటే మా అన్నలు నన్ను బతకనిస్తారా? రెండుసార్లూ నువ్వు తీసుకొచ్చావు, రానని చెప్పే నోరు లేక వచ్చాను. ఈ మూడోదానికి వెనక్కి రావడమంటూ ఉండదక్కా. నాకున్నది ఆ ఒక్క తలుపే."

నాకు సిగ్గేసింది. ఆ రోజు నుంచి పడవ మునగాలని నేను కూడా దేవుణ్ణి అడిగాను. ఇంకొకరి తలాక్ కోసం ప్రార్థన చేసిన పాపిష్టిదాన్ని ఊళ్ళో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఫలితం గురువారమన్నారు. గురువారమొచ్చాక ఆదివారమన్నారు. ఓటు వేసినప్పటి నుంచి ఆ వారం రోజులూ ఆ ఇంట్లో ఊపిరాడలేదు. ఏం వార్తలు విన్నాడో ఏమో, షెహాతాకి గుండెలో రాయి పడింది. ఇస్త్రీ చేస్తూ ఒక వకీలు చొక్కా కాలరు కాల్చేశాడు. కాఫీ దుకాణం వైపు వెళ్ళడం మానేశాడు. ఇంటికి వస్తూ నేరేడు రంగు తలగుడ్డ తెచ్చాడు, ఒకరోజు అప్రికాట్లు తెచ్చాడు, ఆమె కాళ్ళు నొప్పి అంటే వేణ్ణీళ్ళు కాచి పెట్టాడు. మంచిగా ఉంటే ఇంకా భయంగా ఉందక్కా, కాళ్ళకి తాడు చుట్టుకుంటున్నట్టుంది అనేది ఇన్సాఫ్. తన బట్టలు నాలుగేసి తెచ్చి నా బీరువాలో దాచింది.

ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఒక జడ్జి కూర్చుని కాగితాలు చదవడం మొదలుపెట్టాడు. ఏ జిల్లాలో ఏ ఫిర్యాదు వచ్చింది, ఏ పెట్టెలో ఎన్ని చెల్లలేదు, అన్నీ చదివాడు. పేరు మాత్రం చెప్పడు. ఇన్సాఫ్ నా గుమ్మం పట్టుకుని నిలబడే ఉంది. గంట సేపటికి గానీ ఆ మహానుభావుడి నోట్లోంచి పేరు ఊడిపడలేదు. లాంతరు. కొద్ది తేడాతోనే, కానీ లాంతరే. వీధంతా ఒక్కసారి గోల. ఆమె నా గుడ్డపీలికల మధ్య చతికిలబడిపోయింది.

తర్వాత రెండు గంటలు నేను చూసిన ఇన్సాఫ్‌ని అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. టీలో మూడు చెంచాల పంచదార వేసుకుని తాగింది. మిల్లులో నయీమా అనే స్నేహితురాలి డాబా మీద గది ఉందట, కిటికీలోంచి రైలు పట్టాలు కనిపిస్తాయట. ముందు పల్లెకి వెళ్ళి అమ్మ సమాధి దగ్గర కూర్చుంటా, ఎవర్నీ అడక్కుండా సాయంత్రం దాకా కూర్చుంటా అంది. ఇప్పుడే బయల్దేరవే అన్నాను. షేకు నోటి మాట పడందే అన్నలు నమ్మరు, అది వినే వెళ్తానంది. బట్టలు మూట కట్టి ఒళ్ళో పెట్టుకుంది.

షేకు వచ్చాడు. ముసలాయన పోయాక వచ్చిన కొత్తాయన, బసియూనీ గారు, పెద్ద చదువులు చదివినవాడు. వెనకాల షెహాతా, గాబర్. షెహాతా కళ్ళు వాచిపోయున్నాయి. షేకు మర్యాదగా కూర్చుని అతన్ని అడిగాడు. ఆ మాట అన్నప్పుడు నీ మనసులో ఏముంది? పడవ ఓడితే భార్యను వదిలెయ్యాలనుకున్నావా, లేక నీ మాట జనం నమ్మాలని అన్నావా?

"నమ్మాలనే అన్నానండీ. దాన్ని వదిలేసి నేనెక్కడ బతుకుతాను?" అని షెహాతా బావురుమన్నాడు.

అయితే తలాక్ పడలేదన్నాడు షేకు. అది ఉత్త ఒట్టే. ఒట్టు తప్పినందుకు పదిమంది పేదలకి కడుపునిండా పెడితే తీరిపోతుంది. మునుపటి రెండూ కూడా ఇలాంటివే అయితే అవీ పడనట్టే అన్నాడు. గాబర్ సంతోషం పట్టలేక షెహాతాని కౌగిలించుకున్నాడు.

ఇన్సాఫ్ మూట మీద చేతులు పెట్టుకుని వింది. "షేకు గారూ, ఆయన మనసులో ఏముందో అడిగారు. నన్ను అడగరా?" అంది.

"ఒట్టు వేసింది నువ్వు కాదు కదమ్మా" అన్నాడాయన, నిజంగానే దయగా.

నేను అక్కడే ఉన్నాను. ఇంత నోరున్నదాన్ని, ఆ గదిలో ఒక్క మాట మాట్లాడలేదు. మూట షెహాతాయే ఎత్తుకుని మెట్లెక్కాడు, వెనకాల ఆమె ఎక్కింది.

శుక్రవారం నమాజు తర్వాత విందు. పదిమందికి వండాల్సింది ఎవరు? ఇంకెవరు. పొద్దున్నే లేచి మాంసం ఉడకబెట్టింది, ఆకుకూర సన్నగా తరిగింది, నేను అన్నం వార్చాను. వీధులూడ్చేవాళ్ళు, కొత్తిమీర అమ్మే ముసలమ్మ, మసీదు మెట్ల మీద కూర్చునే గుడ్డాయన, ఇలా తొమ్మిదిమంది వచ్చి చాప మీద కూర్చున్నారు. పదోవాడికి, ఒక కూలివాడికి, జ్వరమని కబురొచ్చింది. షేకు ఒక పక్కన కుర్చీలో ఉన్నాడు. షెహాతా బాల్కనీలోంచి వీధిలోకి తొంగి చూస్తున్నాడు, ఎవరైనా పేదవాడు దొరుకుతాడేమోనని.

ఇన్సాఫ్ పదో పళ్ళెం నింపింది. చాప మీద కొత్తిమీర ముసలమ్మ పక్కన దాన్ని పెట్టుకుని కూర్చుంది. రొట్టె తుంచింది.

"ఏంటే అది? పదో మనిషిది కదా" అన్నాడు షెహాతా.

"పదో మనిషిని నేనే" అంది.

షేకు గొంతు సవరించుకున్నాడు. భర్త పోషణలో ఉన్న మనిషి ఇందులోకి రాదమ్మా, భార్యకి పెడితే ఒట్టు తీరదు అని నెమ్మదిగా చెప్పాడు.

"తెలుసండీ" అంది ఇన్సాఫ్. ముద్ద నోట్లో పెట్టుకుంది.

తొమ్మిదిమందీ తినడం ఆపేశారు. షెహాతా మొహం కందగడ్డలా అయింది. అందరి ముందూ పెళ్ళాం మాట వినకపోవడం అతనికి కొత్త. వేలు చూపిస్తూ రెండడుగులు ముందుకొచ్చాడు.

"ఆ పళ్ళెం ముందునుంచి లేవకపోతే నీకు..."

ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది. ఇన్సాఫ్ తలెత్తి చూసింది. నవ్వలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు.

"అను" అంది.

గుడ్డాయన గోడ వైపు మొహం తిప్పుకున్నాడు. షేకు తల దించుకున్నాడు. నేను వార్పు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి, అనరా, ఒక్కసారి అనరా అని లోపల లోపల మొత్తుకుంటున్నాను. టీ కోసం, పుచ్చకాయ కోసం, బంతాట కోసం అన్న మనిషి, ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ఆ మాట మింగేశాడు. వేలు దించుకుని, చెప్పులు వేసుకుని, పదోవాణ్ణి వెతుక్కోవడానికి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఇన్సాఫ్ చివరి మెట్టు దాకా ఆ చప్పుడు వింటూ కూర్చుంది. పళ్ళెంలోది ఒక్క మెతుకు మిగల్చకుండా తినేసింది. చెయ్యి కడుక్కుని నా దగ్గరకొచ్చి నిలబడింది.

"అనలేదక్కా" అంది.

అని, వచ్చేవాడికి కూర చల్లారిపోతుందని పొయ్యి వెలిగించింది.