పట్టపగటి మంటను చూసిన రత్నకుమారి టీచరు గారు

రత్నకుమారి గారు పరమపదించారన్న వార్త మొన్న మంగళవారం ఉదయం నేను అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతుండగా తెలిసింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ఆ మాట చెవిన పడింది గాని చాలాసేపు మనసులోకి దిగలేదు. ఏ పనికైనా ముందు ఏం జరగవచ్చో ఊహించి, దానికి తగిన ఏర్పాటు చేసి, ఆ తర్వాతే అగ్గిపుల్ల గీసిన మనిషి ఆవిడ. అటువంటి మనిషి దగ్గరికి మృత్యువు చెప్పాపెట్టకుండా రావడమేమిటని నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది.

అమలాపురానికి దగ్గరలోని మా ఉన్నత పాఠశాలలో ఆవిడ సైన్సు టీచరు, నేను తెలుగు పండితుణ్ణి. తొంభైల నడుమ కాట్రేనికోన వైపు నుంచి బదిలీ మీద వచ్చారు. ఆవిడ తాతగారు ఒకరి పొలంలో కూలికి వెళ్ళినవారు, తండ్రిగారు బడిపంతులు. ఆదివారం చర్చిలో మోకరిల్లినప్పుడు ఎంత ఏకాగ్రత ఉండేదో, సోమవారం ప్రయోగశాలలో బల్లలు సర్దుతున్నప్పుడూ ఆ ముఖంలో అంతే ఏకాగ్రత ఉండేది. ప్రయోగశాల పక్క గది నాదే కనుక ఆ తపస్సును రోజూ చూసే భాగ్యం నాకు కలిగింది. వాసన కూడా నాకే వచ్చేదనుకోండి.

వచ్చిన వారంలోనే నన్ను ప్రయోగశాలకు పిలిచి, పిల్లలకు ఇవ్వబోయే సూచనల కాగితం చేతిలో పెట్టి, ఇందులో ఉన్నట్టు చేయమన్నారు. నాకు ఛందస్సు తెలుసు, వ్యాకరణం తెలుసు. గంధకాన్నీ పసుపునీ పక్కపక్కన పెడితే మాత్రం పోల్చుకోలేను. ఆ మాటే విన్నవించుకున్నాను.

“అందుకేనండి మిమ్మల్ని పిలిచేను. సైన్సు తెలిసినవాళ్ళు చేస్తే ఎక్కడ పొరపాటు జరుగుతుందో నాకెలా తెలుస్తుందండీ?” అన్నారు.

అది పొగడ్తో, తిట్టో ఈనాటికీ తేల్చుకోలేకపోయాను. స్టూలు మీద దర్జాగా కూర్చుని పరీక్షనాళికలో నీళ్ళు వేడి చేశాను. నాళిక మూతి సరిగ్గా నా ముఖానికి ఎదురుగా ఉందని, మరిగిన నీళ్ళు కళ్ళజోడు మీద చిమ్మాక గాని తెలియలేదు. తుడుచుకుని, సారా దీపం ఆరిపోయిందనుకుని అగ్గిపెట్టె కోసం చెయ్యి చాపాను. దీపం ఆరలేదు. కిటికీలోంచి పడుతున్న ఎండలో ఆ మంట కనబడలేదంతే. నా కండువా కొస అంటుకుంది. నేను కేక వేసేలోగా తడిగుడ్డ పడి మంట చల్లారింది. ఆ గుడ్డ అప్పటికే తడిపి ఆవిడ చేతిలో సిద్ధంగా ఉంది. ఆ క్షణాన నాకు కలిగిన విస్మయం ఇన్నేళ్ళయినా తరగలేదు.

మర్నాడు వెళ్ళి చూస్తే ప్రయోగశాలలో స్టూళ్ళు లేవు. బల్లలన్నీ కిటికీలకు దూరంగా, నీడలోకి జరిగాయి. కూర్చుంటే ముఖం నాళిక మూతికి ఎదురవుతోందనీ, ఇక నుంచి పిల్లలు నిలబడే ప్రయోగాలు చేస్తారనీ, పొట్టివాళ్ళ కాళ్ళ కింద పీటలు వేస్తాననీ చెప్పారు. కూర్చునే వసతి తీసేశారేమిటని ప్రధానోపాధ్యాయులు చిరాకుపడితే, ఆవిడ నా కాలిన కండువా చూపించారు. అప్పటి నుంచి కొత్త ప్రయోగం వచ్చినప్పుడల్లా ముందు నాకు పిలుపు వచ్చేది. నేను ఏ సీసా తన్నేస్తే ఆ సీసా చోటు మారేది. ఆ బడిలో విజ్ఞానశాస్త్రానికి నా అజ్ఞానం చేసిన సేవ అంతా ఇంతా కాదు.

ఆవిడ తరచూ ఒక మాట అనేవారు. “జాగ్రత్తగా ఉండమని చెప్పడం తేలికేనండి మాస్టారూ. జాగ్రత్త లేని పిల్లాడికి కూడా దెబ్బ తగలకుండా చూడ్డమే మన పని.” ఎడమచేతి వాటం పిల్లవాడి బల్ల మీద ఆమ్లం సీసా ఎడమ పక్కన ఉండేది. భయస్థురాలైన పిల్లకు గోడవైపు చోటు దొరికేది, వెనకనుంచి ఎవరూ తోసుకురాకుండా. పదిమందికీ ఒకే పాఠం చెప్పడమే గొప్ప అనుకునే నాకు, ఒక్కొక్క బిడ్డ చేతి వాలును గుర్తుపెట్టుకున్న ఆ మనసు ఎంత విశాలమైనదో తలచుకుంటే ఇప్పటికీ చేతులు జోడించబుద్ధవుతుంది.

ఆ ప్రయోగశాల మూతపడే గండం ఒకటి వచ్చింది. మా సీమలో గ్యాసు బావి అంటుకుని వారాల తరబడి మండిన రోజులవి. గ్యాసు అన్న మాట వింటేనే జనం హడలిపోతున్నారు. పదో తరగతి పిల్లల చేత టీచరుగారు గ్యాసు పుట్టించి వెలిగిస్తున్నారట అని ఎవరో అన్నారు. అది హైడ్రోజను, చిన్న నాళికలో చిటికెడు. ఆ సంగతి ఎవరు వింటారు? తల్లిదండ్రులు బడి మీదికి వచ్చారు. ప్రధానోపాధ్యాయులు గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు. ఇక సైన్సంటే నల్లబల్ల మీద బొమ్మే. టీచరుగారు వాదించలేదు. శనివారం తల్లిదండ్రులను ఒక్కసారి గదిలోకి రానివ్వమని మాత్రం అడిగారు.

వచ్చినవారిలో ముందు నిలబడింది మలికిపురం నుంచి వచ్చి మా ఊళ్ళో స్థిరపడిన కొబ్బరి వ్యాపారి సత్యనారాయణ గారు. ఆయన కూతురు వెంకటలక్ష్మి అప్పుడు పదో తరగతి. “మార్కులు రాకపోయినా పర్లేదండి. ఆడపిల్ల, మొహం కాలితే మళ్ళీ ఎవరిస్తారండీ?” అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, భయమే ఉంది.

“నిజమేనండి. ప్రమాదం లేదని నేననను. ఎక్కడుందో చూపిస్తాను, రండి” అన్నారు ఆవిడ.

జింకు ముక్కలు వేసిన పరీక్షనాళిక ఒకటి ఆయన చేతికిచ్చి, బుడగలు వస్తున్నాయేమో చూడమన్నారు. ఆయన నాళికను కంటి దగ్గరికి తెచ్చుకుని మూతిలోకి తొంగి చూశారు. ఆవిడ మెల్లగా ఆయన చెయ్యి దించారు.

“అందులో ఉన్నవి నీళ్ళేనండి, భయపడకండి. మీ అమ్మాయీ సరిగ్గా ఇలాగే తొంగి చూసేదండి. అది మానేదాకా నీళ్ళతోనే చేయించేను.”

తర్వాత వెంకటలక్ష్మిని పిలిచారు. ఆ పిల్ల జడ ముడివేసుకుంది, ఓణీ కొస నడుముకు దోపుకుంది. నాళికలో ఆమ్లం పోసి, మూతి గోడవైపు తిప్పి, చెయ్యి చాచి అగ్గిపుల్ల చూపింది. టప్పుమని చిన్న చప్పుడు. తండ్రి ఉలిక్కిపడ్డారు, కూతురు కన్ను కూడా ఆర్పలేదు. ఆయన కూతురి చేతులు రెండూ పట్టుకుని తిప్పి తిప్పి చూశారు. ఆ పైన “ఆయ్” అని తల ఊపి, తాళంచెవి టీచరుగారికే ఇచ్చెయ్యమని ప్రధానోపాధ్యాయులతో చెప్పారు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆ గదిలో ప్రయోగాలు ఆగలేదు, ఒక్క బిడ్డ వేలు కాలలేదు. రిటైరయ్యాకా ఆ చూపు మారలేదు. మా ఇంటికి కాఫీకి వచ్చినా ముందు వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి దగ్గర వేలాడే తువ్వాలును పక్కకు తీసి గాని కూర్చునేవారు కాదు. మా ఆవిడ మొదట్లో నొచ్చుకుంది, పోనుపోను ఆ తువ్వాలుకు వేరే మేకు కొట్టించింది.

నిన్న మధ్యాహ్నం సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక అందరికీ కొవ్వొత్తులు ఇచ్చారు. మండుటెండ, పైగా గాలి. ఆవిడ దగ్గర చదువుకున్న ఆడపిల్లలు, ఇప్పుడు పిల్లల తల్లులు, ఏడుస్తూనే ఉన్నారు. కొవ్వొత్తి వెలిగించే ముందు మాత్రం ప్రతి ఒక్కరి చెయ్యీ వెనక్కి వెళ్ళి జడ ముడివేసింది, పమిట కొస నడుముకు దోపింది. ఎవరూ చెప్పలేదు, ఒకరినొకరు చూసుకోనూ లేదు. ఇంతమంది చేతులలో జీవించి ఉన్న మనిషికి నివాళి రాయడానికి నా భాష చాలదు. ఆవిడ స్థానం మరొకరితో నిండేదీ కాదు.

నా కొవ్వొత్తి ఆరిపోయిందనుకుని పక్కవారి అగ్గిపెట్టె కోసం వంగాను. ఎవరో గబుక్కున నా కండువా కొస పట్టుకుని వెనక్కి లాగారు. చూస్తే వెంకటలక్ష్మి. ఇప్పుడు రాజోలు దగ్గర ఒక బడిలో సైన్సు చెబుతోంది.

“ఆరలేదండి మాస్టారూ. ఎండలో కనపడట్లేదంతే” అంది.