వాగవతల మొదలైన చాటింపు

ఈ మధ్య పొద్దున్నే మా కాలనీ మొదట్లోకి ఒక ఆటో వస్తున్నది. పైన మైకు కట్టి ఉంటుంది. మెయిన్ రోడ్డు మీద ఒక నిమిషం ఆగి, చెప్పవలసింది చెప్పి, వెనక్కి తిరిగి పోతుంది. మాది చిట్టచివరి సందు. గాలి ఇటు వీస్తే నాలుగు ముక్కలు వినిపిస్తాయి, లేకపోతే రెండు. నిన్న కాఫీ గ్లాసు పట్టుకుని గేటు దగ్గర చెవి రిక్కించి నిలబడితే, గరగర మధ్య నుంచి "రేపు ఉదయం" అనీ, కాసేపటికి "ప్రజలు గమనించగలరు" అనీ వినిపించింది. ఏం గమనించాలో గాలికే తెలియాలి. మైకు ఆగిన తర్వాత కూడా ఆ గరగర చెవిలోనే ఉండిపోయింది. దాని వెనకాలే, ఎన్నో ఏళ్ల కిందటి టముకు మీద పుల్ల దెబ్బ, ఆ దెబ్బ వెనకాల చెప్పులు చేత్తో పట్టుకుని వాగులో దిగిన వెంకటసుబ్బయ్య శెట్టి గారు గుర్తుకొచ్చారు.

ఆయనను మీరెవరూ చూసి ఉండరు. ఆయన ఫోటో కూడా ఎక్కడా లేదు. గిద్దలూరు నుంచి మార్కాపురం పోయే దారిలో ఒక పెద్ద పంచాయతీకి ఆయన వార్డు మెంబరు. ఊరి పేరు రాయను. అక్కడ ఇంకా మనుషులున్నారు, పాత సంగతులకు కొత్త తగాదాలు పుట్టించడం నాకిష్టం లేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్లు అయి ఉంటుంది. మేమంతా అప్పటికి కర్నూలు జిల్లావాళ్లమే. నేను కంభం నుంచి వచ్చి ఆ పంచాయతీలో గుమాస్తాగా చేరాను. ఇంట్లో మొదటి సర్కారు ఉద్యోగం నాది. మా నాయన ఆ సంగతి చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ టముకు లేకుండానే చాటాడు.

శెట్టి గారిది బజారు వీధిలో కిరాణా దుకాణం. సన్నటి మనిషి, ముక్కు మీద కోపం, నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. ఆయన వార్డులో సగం బజారు, మిగతా సగం వాగవతల ఉండే కూలివాళ్ల ఇళ్లు. పంచాయతీలో ఏ నిర్ణయం జరిగినా బజారువాళ్లకు ఆయన దుకాణంలోనే తెలిసేది. ఉప్పు పొట్లం కడుతూ, ఫలానా రోజు టీకాలు వేసేవాళ్లు వస్తున్నారనో, బావిలో పూడిక తీస్తున్నారనో చెప్పేవారు. వాగవతలివాళ్లు సంత రోజు తప్ప ఇటు రారు. వాళ్లకు తలారి నాగన్న టముకే గతి. నాగన్న కొట్టి, గొంతెత్తి చెప్పి వస్తే, ఊరికి తెలిసినట్టు లెక్క.

ఆ లెక్కకు ఒక రిజిస్టరు ఉండేది. ఏ సంగతి, ఏయే వీధుల్లో చాటించారు, తలారి వేలిముద్ర, నా సంతకం, వార్డు మెంబరు సంతకం. నాగన్న తిరిగి వచ్చాక రాయవలసిన రిజిస్టరు అది. నేను మాత్రం పొద్దున్నే "అన్ని వీధులలో చాటింపు వేయించడమైనది" అని రాసి, సంతకం చేసి, వేలిముద్ర వేయించుకుని, ఆ తర్వాత నాగన్నను పంపేవాణ్ని. సాయంత్రం పని మిగలకూడదని నా తెలివి. శెట్టి గారు త్రాసు ఒక చేత్తో పట్టుకునే రెండో చేత్తో సంతకం పెట్టి ఇచ్చేసేవారు. చదివేవారు కాదు. ఎన్నో చాటింపులు అట్లాగే జరిగాయి, ఏ తప్పూ రాలేదు. తప్పు రానంతకాలం అలవాటే పద్ధతి అనిపిస్తుంది.

ఒక వానాకాలం, ఇల్లు లేనివాళ్లకూ పల్లంలో ఉన్నవాళ్లకూ ఊరి మెట్ట మీద స్థలాలు ఇస్తారని తాలూకా నుంచి కాగితం వచ్చింది. ఏటా వాగు పొంగి ఇళ్లలోకి నీళ్లు వచ్చి మట్టిగోడలు నానిపోయేది వాగవతలివాళ్లకే కాబట్టి, ఆ స్థలాలు ఎవరి కోసమో ఆ కాగితం చూసిన ఎవరికైనా తెలుస్తుంది. మర్నాటి సాయంత్రంలోగా అర్జీలు ఇవ్వాలి. పొద్దున్నే రిజిస్టరు రాసేశాను, సంతకాలు అయిపోయాయి, నాగన్న టముకు తగిలించుకుని పోయాడు.

ఆ రోజు నల్లమలలో ఎక్కడో పెద్ద వాన పడింది. పొద్దువాలుతుండగా నాగన్న తడిసి వచ్చి మెట్టు మీద నిలబడ్డాడు.

"అయ్యా, వాగు దాటలేకపోయినా. నడుంలోతు పారతా ఉండాది. బజారు వరకే చెప్పినా."

నేను రిజిస్టరు వైపు చూశాను. సిరా ఎండిపోయి ఉంది. కొట్టేస్తే పై అధికారి అడుగుతాడు, ముందే ఎందుకు రాశావంటాడు. వాళ్లకు ఎవరో ఒకరు చెప్పకపోతారా అని నాకు నేనే సర్ది చెప్పుకుని, "సరేలే, పో" అన్నాను. జీవితంలో నేనన్న మాటల్లో వెనక్కి తీసుకోగలిగితే తీసుకోవాలనిపించేది ఆ రెండు ముక్కలే. మర్నాడు అర్జీలు కుప్పగా వచ్చాయి. అన్నీ బజారువాళ్లవీ, వాళ్ల బావమరుదులవీ.

రెండు వారాల తర్వాత సంత రోజున నేను నూనె కోసం శెట్టి గారి దుకాణంలో ఉన్నాను. వాగవతల ఉండే ఓబులమ్మ జొన్నలు తీసుకోవడానికి వచ్చింది. మొగుడు లేడు, కూతురికి పెళ్లి చేసి పంపింది, ఒంటిగా ఉండేది. కొంగులో జొన్నలు పోయించుకుంటూ మామూలుగా అడిగింది.

"అన్నా, మెట్ట మీద గొలుసులేసి కొలస్తా ఉండారే, ఏం కడతారంట ఆడ?"

శెట్టి గారి చెయ్యి ఆగిపోయింది. ఆమె వైపు కాదు, నా వైపు చూశారు.

"నాగన్న వాగు దాటినాడా?"

"లేదండీ."

"నీకు తెలుసునా?"

తెలుసన్నాను. ఆయన కొలవవలసిన జొన్నలు కొలిచి పూర్తిగా పోశారు. తర్వాత దుకాణం దిగి వచ్చి, ఆమె ఎదుట నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పారు. అవి మీకు రావలసిన స్థలాలమ్మా, మీకు చెప్పలేదు, చెప్పినట్టు నేను సంతకం పెట్టినాను అన్నారు. ఆమె తిట్టి ఉంటే నాకు బాగుండేది. కొంగు జారకుండా రెండు చేతులా పట్టుకుని మెట్టు మీద కూర్చుంది.

ఆమె పోయాక నేను ఉద్యోగం సంగతి ఎత్తాను. మా నాయన పేరు కూడా తెచ్చాను, సిగ్గు విడిచి చెబుతున్నాను. ఆయన లవంగం ఉమ్మేసి, "నీ ఉద్యోగం సంగతి తర్వాత. ముందు వాళ్ల గోడల సంగతి చూడాల" అన్నారు. మరుసటి రోజు నన్ను బస్సెక్కించి తాలూకా ఆఫీసుకు తీసుకుపోయారు. చాటింపు వాగవతలికి చేరలేదని, చేరినట్టు సంతకం పెట్టింది తామని కాగితం రాసి ఇచ్చారు. నేనూ రాసి ఇచ్చాను. అక్కడి అధికారి మంచిగానే ఒక దారి చూపించాడు. తలారి నిర్లక్ష్యం చేశాడని రాస్తే మీ ఇద్దరికీ ఏ ఇబ్బందీ ఉండదన్నాడు. నిజం చెబుతున్నాను, నా ప్రాణం ఆ దారి వైపు లాగింది. శెట్టి గారు తల అడ్డంగా ఊపారు.

"నాగన్న వచ్చి చెప్పినాడండీ. చెప్పినోణ్ని తప్పు పట్టేది ఎట్ల?"

అధికారి విసుక్కున్నాడు. సగం స్థలాలకు పట్టాలు అప్పటికే అయిపోయాయి, వాటిని కదపలేనన్నాడు. మిగిలిన వాటికి మళ్లీ అర్జీలు తీసుకోమని, ఈసారి అందరికీ తెలియజేసి మరీ రమ్మని పంపాడు. నాకు మందలింపు కాగితం ఇచ్చాడు. ఉద్యోగం నిలిచింది.

తిరిగి వచ్చిన మర్నాడే చాటింపు. శెట్టి గారు నాగన్నతో పాటు తామూ బయలుదేరారు, నన్నూ రమ్మన్నారు. చాటింపు ఎప్పుడూ బజారులో మొదలై వాగు దగ్గర ముగిసేది. ఆయన బజారులో టముకు కొట్టనివ్వలేదు. నేరుగా వాగు దగ్గరికి నడిపించి, చెప్పులు చేత పట్టుకుని నీళ్లలో దిగారు. ఎందుకిట్లా అని అడిగాను.

"ఆడ మొదలుపెడదాం. గొంతు తక్కువ పడితే నా దుకాణం ముందర తక్కువ పడనీ" అన్నారు. నాలుగడుగులు వేశాక, నాకో తమకో తెలియకుండా ఇంకో మాట అన్నారు. "ఓట్లడిగేదానికి నేనే దాటినా ఈ వాగు. చెప్పేదానికి మాత్రం నాగన్నను పంపినా."

నాగన్న టముకు కొట్టి, మెట్ట స్థలాల సంగతి, అర్జీల తేదీ చెప్పాడు. ఆ వెంటనే, మొదటిసారి ఈ సంగతి మీకు చెప్పకుండానే చెప్పినట్టు మెంబరు శెట్టి సంతకం పెట్టినాడహో అని కూడా చాటాడు. అది శెట్టి గారు చెప్పించినదే. ఊరికి చేసే చాటింపులో మెంబరు తన తప్పు తానే చాటించుకోవడం ఆ ఊళ్లో ఎవరూ వినలేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని బజారువాళ్లు చాలాకాలం నవ్వుకున్నారు.

ఓబులమ్మ గడప దగ్గర ఆయన నా వైపు తిరిగి, నీది నువ్వు చెప్పు అన్నారు. నాగన్న నాకు చెప్పినాడని, తెలిసి కూడా ఊరకున్నానని చెప్పాను. ఓబులమ్మ నా మొహం చూసి, "పోనీలే నాయనా" అన్నది. అంతటితో అయిపోయిందనుకున్నాను. శెట్టి గారు కదల్లేదు.

"మేం చెప్పింది సరే. నీకేం తెలిసిందో నువ్వు చెప్పమ్మా."

ఆమె వేళ్లు మడుస్తూ అంతా తిరిగి చెప్పింది. ఏ రోజు రావాలి, ఎవరి దగ్గరికి రావాలి, వేలిముద్ర ఎక్కడ వెయ్యాలి. చివర, చూపు కిందికి దించుకుని, "తొలి తూరి ఈ గుమాస్తా అబ్బాయి తెలిసీ చెప్పలేదు" అన్నది. నా తప్పు నా నోట చెప్పినప్పుడు సగమే అనిపించింది. ఆమె నోట విన్నాక పూర్తయింది. ప్రతి గడప దగ్గరా అట్లాగే తిరిగి చెప్పించారు. బజారుకు వచ్చేసరికి నాగన్న గొంతు బొంగురుపోయింది, అక్కడ ఎవరికీ సరిగ్గా వినపడలేదు.

వాగవతలి ఇళ్లన్నిటి నుంచీ అర్జీలు వచ్చాయి. స్థలాలు వాటిలో సగానికే ఉన్నాయి. చీటీలు తీశారు. ఓబులమ్మ పేరు రాలేదు. ఆమె దగ్గరికి నేను పోలేదు. ఆమే నా దగ్గరికి వచ్చింది.

"ఈ తూరి నాకు తెలిసిందిలే నాయనా. తెలిసి రాకపోతే నా కర్మ అనుకుంటా. తెలియకుండానే పోతే ఎవురిదనుకోవాల?"

నన్ను క్షమించినట్టా, నిలదీసినట్టా అనేది ఇప్పటికీ నాకు తేలలేదు. మొదటి చాటింపు చేరి ఉంటే ఆ ఇళ్లన్నిటికీ సరిపడా స్థలాలు ఉండేవి. మరుసటి వానలకు ఆమె వెనక గోడ కూలింది. పామూరు దగ్గర కూతురింటికి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు.

తర్వాతి ఎన్నికల్లో శెట్టి గారు ఓడిపోయారు. స్థలాల కోసం ఆశపడిన బజారువాళ్లు ఆయనను గుర్తుంచుకుని ఓడించారు. మెంబరు పదవి పోయినా, టముకు మోగిన ప్రతిసారీ ఆయన చెప్పులు చేత పట్టుకుని నాగన్న వెంట వాగు దాటేవారట. నాకు దోర్నాలకు, అక్కడి నుంచి హనుమంతునిపాడుకు బదిలీలయ్యాయి. ఎక్కడ పనిచేసినా చాటింపు చివరి ఇంటి నుంచి మొదలుపెట్టించాను, తలారి తిరిగి వచ్చేదాకా రిజిస్టరు తెరవలేదు. ఇవి నా గొప్పలు కావు, నా భయాలు. ఆయన పోయిన కబురు నాకు కార్డు మీద పన్నెండో రోజుకు చేరింది. ఆ కార్డు పట్టుకుని, తెలియకపోవడమంటే ఇదీ అనుకున్నాను.

నిన్న ఆటో తిరిగి పోబోతుంటే గబగబా నడిచి పట్టుకున్నాను. లోపల ఉన్న అబ్బాయి మర్యాదగానే చెప్పాడు. రేపటి నుంచి మూడు రోజులు నీళ్లు రావట. మా సందులోకి రమ్మంటే, "రోడ్డు మీద చెప్తే అందరికీ తెలిసిపోతుంది సార్" అన్నాడు. నాకు కోపం రాలేదు. ఆ మాట సిరాతో రాసి సంతకం పెట్టినవాణ్ని నేను.

సందు చివర రేకుల ఇంట్లో ఒక ముసలామె ఒంటిగా ఉంటుంది. ముందు అక్కడికి పోయాను. మూడు రోజులు నీళ్లు రావమ్మా, ఈరోజే పట్టుకోవాలని చెప్పాను. సరే నాయనా అని ఆమె లోపలికి తిరగబోయింది. నేను గడప దగ్గరే నిలబడి, నీకేం తెలిసిందో ఒకసారి నువ్వు చెప్పమ్మా అన్నాను. ఆమె వేళ్లు మడవడం మొదలుపెట్టింది. నేను తల వంచుకుని విన్నాను.